చెరువు తగ్గితేనే పిట్టలకు చోటు

చెరువు నిండితే కప్పలు చేరవా అని సామెత. కప్పల సంగతేమో గానీ, చలికాలంలో హైదరాబాద్ చుట్టుపక్కలకు వచ్చే పిట్టల విషయంలో ఇది తలకిందులవుతుంది. అంచుల దాకా నిండి, చుట్టూ రాతికట్టుతో ముచ్చటగా కనిపించే చెరువు దగ్గర బైనాక్యులర్లు పట్టుకొని గంటసేపు నిలబడినా నీటికాకులు, బొల్లికోళ్లు, నాలుగు కొంగలు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. సగానికి సగం తగ్గి, బురద తేలి, ఫొటోకి కూడా పనికిరాదనిపించే చెరువు దగ్గరైతే అదే గంటలో పేర్లు రాసుకోవడానికి తీరిక ఉండదు. ఆదివారం పొద్దున్నే పిట్టల్ని చూడ్డానికి బయల్దేరే వాళ్లు ఒకటి రెండు సీజన్లలోనే ఈ తేడా పసిగడతారు. ఎందుకిలా అన్నది మాత్రం చెరువు ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే అర్థమవుతుంది.

మియాపూర్‌కు అవతల, బీరంగూడకు దగ్గర్లో ఉన్న అమీన్‌పూర్ పెద్ద చెరువునే తీసుకుందాం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, అంటే 16వ శతాబ్దంలో కట్టించిందని చెబుతారు. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద దేశంలో ఇలాంటి ఒక చెరువుకు ఆ హోదా దక్కడం అదే మొదటిసారి. హోదా పెద్దదే గానీ చోటు చిన్నది, వంద ఎకరాల లోపే. చుట్టూ అపార్ట్‌మెంట్లు, విల్లాలు, ఇంకా అమ్ముడవ్వాల్సిన ప్లాట్లు. అయినా మంచి సీజన్‌లో ఇక్కడ రాజహంసలు దిగిన సందర్భాలున్నాయి. ఫ్లెమింగోలంటే పులికాట్‌కో నేలపట్టుకో వెళ్లాలనుకునే వాళ్లకు ఇది ఆశ్చర్యమే.

రాజహంస పొడుగు కాళ్లతో నీళ్లలో నడుస్తూ, అడుగున బురదను కాళ్లతో కదిలించి, తల కిందికి వంచి ముక్కును తిరగేసి పెట్టి, ఆ చిక్కటి నీటిని వడగట్టుకొని తింటుంది. దానికి కావాల్సింది మోకాటి లోతు నీళ్లు, కింద మెత్తటి బురద. అడుగు అందని చోట ఈదగలదు గానీ సుఖంగా మేయలేదు. కాబట్టి చెరువులో రాజహంసలు దిగాయంటే ఆ ఏడాది ఆ చెరువులో లోతు తక్కువ ఉన్న భాగం బాగా ఉందని అర్థం. పేపర్లో ఫొటో కింద ఈ మాట రాయరు. ‘విదేశీ అతిథుల సందడి’ అని రాసి ఊరుకుంటారు.

మిగతా పిట్టలకూ ఇలా ఒక్కోదానికి ఒక్కో లోతు. పల్లెల్లో ఉల్లంకి పిట్టలని ఒకే పేరుతో పిలిచే శాండ్‌పైపర్లు, స్టింట్‌లు, గాడ్‌విట్‌లను ఒకచోట చూస్తే ఈ పంపకం స్పష్టంగా తెలుస్తుంది. లిటిల్ స్టింట్ పిచ్చుకంత ఉంటుంది, పాతిక ముప్ఫై గ్రాముల బరువు. రష్యా ఉత్తర భాగంలోని టండ్రాలో పిల్లల్ని చేసి, చలికాలానికి ఇక్కడికొస్తుంది. దాని ముక్కు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అందుకని తడి బురద మీదే, నీటి అంచు వెంబడి తల ఎత్తకుండా పొడుచుకుంటూ పోతుంది. పక్కనే ఉండే లిటిల్ రింగ్డ్ ప్లోవర్ పద్ధతి వేరు. దానికి పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగి, ఏదైనా కదిలిందా అని చూసి, అప్పుడు పొడుస్తుంది. ఒకటి ముక్కుతో తడిమి వెతుకుతుంది, ఇంకొకటి కంటితో వెతుకుతుంది. కాబట్టి ఒకే జానెడు బురదలో రెండూ పోట్లాట లేకుండా బతుకుతాయి. కాస్త లోపలికి, నీళ్లు నాలుగు వేళ్ల లోతున్న చోట వుడ్ శాండ్‌పైపర్లు. ఇంకా లోపల ఎర్రటి పొడుగు కాళ్ల బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. పది సెంటీమీటర్ల దాకా ముక్కుండే గాడ్‌విట్ వస్తే అది మెడ దాకా ముంచి బురద లోతుల్లో పురుగును లాగుతుంది. అక్కణ్నుంచి బాతుల వరస. తోక పైకెత్తి తల ముంచి మేసే పిన్‌టెయిల్ లాంటి బాతులకు మెడ చాచితే అడుగు అందాలి. బొల్లికోడి, నీటికాకి మునగగలవు కాబట్టి వాటికి లోతుతో పెద్దగా పేచీ లేదు.

నిండు చెరువులో నీటికాకులు, బొల్లికోళ్లు మాత్రమే ఎందుకు మిగులుతాయో ఇప్పుడు తెలిసింది కదా. నీళ్లు పెరిగినకొద్దీ ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా మునిగిపోతాయి. ముందు పోయేది స్టింట్, చివరికి మిగిలేది నీటికాకి.

సహజంగా అయితే ఇది సమస్య కానక్కర్లేదు. తెలంగాణ చెరువు ఏడాది పొడవునా ఒకే మట్టంలో ఉండేందుకు కట్టింది కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు నిండుతుంది, ఎక్కువైతే మత్తడి దూకి గొలుసుకట్టులో కింది చెరువుకు పోతుంది. తర్వాత యాసంగికి తూము ఎత్తుతారు. ఆయకట్టు కింద వరి పారినకొద్దీ చెరువు రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు వెనక్కి జరుగుతూ, వెనకాల శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతూ వస్తుంది. సరిగ్గా ఇవే నెలల్లో మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి, హిమాలయాల అవతల నుంచి పిట్టలు దిగుతాయి. రోజూ కొత్తగా కొంత బురద తేలుతుంది, అందులో నిన్నటిదాకా నీళ్ల కింద ఉన్న పురుగూ నత్తా అందుబాటులోకి వస్తాయి. రైతు తన పొలానికి నీళ్లు పెట్టుకుంటూ, తనకు తెలియకుండానే పిట్టలకు రోజూ కొత్త విస్తరి వేశాడు.

శిఖం ఎండడం వల్ల ఇంకో మేలు ఉంది, అది ఆర్నెల్ల తర్వాత గానీ కనిపించదు. వేసవిలో ఆ నేల మీద గడ్డి, తుంగ మొలిచి గింజ కడతాయి. కొన్నిచోట్ల దోస, పుచ్చ పెడతారు, పశువులు మేస్తాయి, పేడ పడుతుంది. వానాకాలంలో అదంతా మునిగితే ఆ గింజలు బాతులకు మేత, కుళ్లిన ఆకూ అలమూ నీటి పురుగులకు మేత. ఏటా ఎండి, ఏటా తడిసే చెరువులో ఎప్పుడూ నిండుగా ఉండే చెరువు కంటే పిట్టలకు తిండి ఎక్కువ దొరకడానికి కారణం ఇదే. గుర్రపుడెక్క కూడా నిజంగా ఎండిన చెరువులో చాలావరకు చస్తుంది, దాన్ని ప్రతి ఏడూ మెషిన్లు పెట్టి తీయాల్సిన అవసరం అంతగా ఉండదు.

నగరం వచ్చాక ఈ క్యాలెండర్ చెడింది. ఆయకట్టు ప్లాట్లయింది. పొలమే లేనప్పుడు తూము ఎత్తేదెవరు? చాలాచోట్ల తూములు పూడిపోయాయి. మరోవైపు వాన ఉన్నా లేకపోయినా పై కాలనీల నుంచి మురుగు రోజూ వచ్చి పడుతుంది. వచ్చే నీళ్లు ఆగవు, పోయే దారి లేదు. మిగిలింది ఎండకు ఆవిరవ్వడం ఒక్కటే, మురుగు వచ్చే లెక్కకు అది చాలదు. ఫలితంగా ఒకప్పుడు మేలో నెర్రెలు బారిన చెరువులు ఇప్పుడు మేలోనూ నిండుగా కనిపిస్తాయి. చూసేవాళ్లకు ఇది మంచి వార్తలా ఉంటుంది. టండ్రా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన స్టింట్‌కు మాత్రం దిగడానికి చోటుండదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే లెక్క తప్పుతుంది. మురుగు పిట్టలకు పూర్తిగా శత్రువేమీ కాదు. ఆ నీళ్లలో పోషకాలు ఎక్కువ, ఈగజాతి పురుగుల లార్వాలు కుప్పలు తెప్పలుగా పెరుగుతాయి. వెడల్పాటి ముక్కుతో నీటిని జల్లెడ పట్టే షోవెలర్ బాతులు, స్టిల్ట్‌లు అలాంటి చోట్ల వందల్లో చేరడం మామూలే. మూసీ వెంబడి, ముక్కుపుటాలు పగిలే వాసన వచ్చే చోట్ల మంచి పిట్టలు కనిపించడానికి ఇదే కారణం. కాబట్టి ‘పిట్టలున్నాయి కదా, నీళ్లు శుభ్రంగానే ఉన్నట్టు’ అనే వాదన చెల్లదు. ‘మురుగుంటే పిట్టలుండవు’ అన్నదీ చెల్లదు. అసలు ప్రమాదం ఆ పోషకాలు గుర్రపుడెక్కకు చేరినప్పుడు. నీటి మీద పచ్చటి దుప్పటి పరుచుకున్నాక దాని మీద నడవగలిగే జకానా, దాని మధ్య దూరి తిరిగే ఊదారంగు స్వాంప్‌హెన్ సుఖపడతాయి, మిగతావి చోటు ఖాళీ చేస్తాయి. జకానా వేళ్లు ఒంటితో పోలిస్తే విడ్డూరమనిపించేంత పొడుగు. బరువంతా వాటి మీద పరుచుకుంటుంది కాబట్టి ఆకు మునగదు. అది ఒక్కో ఆకు మీద కాలు మోపి, ముక్కుతో ఆకు అంచు తిరగేసి కింద అంటుకున్న పురుగును ఏరుకోవడం పొద్దున్నే కట్ట మీద నిలబడి చూడొచ్చు. చూడముచ్చటగా ఉంటుంది. చెరువు ఆరోగ్యం గురించి మాత్రం అది మంచి కబురు కాదు. ఎండలు ముదిరాక ప్రాణవాయువు లేని బురదలో బాట్యులిజం విషం తయారయ్యే ప్రమాదమూ ఉంది. 2019లో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేల పక్షులు చచ్చింది ఈ విషంతోనే.

రెండో దెబ్బ సుందరీకరణ పేరుతో వచ్చింది. దీన్ని తిట్టిపోయడం తేలికే గానీ, కబ్జాలకు అడ్డుకట్ట వేయడానికి చుట్టూ కట్ట పోసి వాకింగ్ ట్రాక్ వేయడం కంటే చేతికందే ఉపాయం మున్సిపాలిటీకి మరొకటి కనిపించదన్నదీ నిజమే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన. కాగితం మీది గీత రాత్రికి రాత్రి జరుగుతుంది, మట్టి కట్ట అంత తేలిగ్గా జరగదు. ఇబ్బందల్లా ఆ కట్ట ఎక్కడ పోస్తారన్న దగ్గరే. ఎఫ్‌టీఎల్ గీత మీద కాకుండా కాస్త లోపలికి జరిపి, నిట్టనిలువుగా రాళ్లు పేర్చి పోస్తే చెరువు పళ్లెం కాస్తా బకెట్ అవుతుంది. ఏటవాలుగా వందల గజాలు పరుచుకోవాల్సిన అంచు రెండడుగుల్లో ముగుస్తుంది. నీళ్లు ఒక అడుగు తగ్గితే పళ్లెంలో ఎకరాల బురద తేలేది, ఇప్పుడు ఒక వరస రాళ్లు తేలతాయి. ఆ రాళ్ల మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటుంది, లకుముకి పిట్ట కూర్చుంటుంది. అంతకు మించి ఏమీ జరగదు.

1560ల నాటి హుస్సేన్‌సాగర్ ఈ దారిలో చివరిదాకా వెళ్లిన చెరువు. ఒకవైపు ట్యాంక్‌బండ్, ఇంకోవైపు నెక్లెస్ రోడ్డు, మధ్యలో నిండు నీళ్లు. గద్దలకు, నీటికాకులకు అక్కడ కొదవలేదు. బురద మీద బతికే పిట్టలకు అంత పెద్ద చెరువులో అంచంటూ పెద్దగా మిగల్లేదు. 1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం ప్రభుత్వం సాయంతో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన చూసిన సంస్థానంలో చెరువు కింద పొలం, పొలం పక్కన ఊరు ఉండేవి. చెరువు కింద రోడ్డు, రోడ్డు పక్కన హోర్డింగు ఉండే ఈ నగరంలో ఆ జాబితాను పోల్చి చూడ్డం ఎవరైనా శ్రద్ధగా చేయాల్సిన పని.

జంట జలాశయాలకు ఈ బాధ కొంత తక్కువ. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒడ్డు ఇంకా ఏటవాలుగానే ఉంది, వానల్ని బట్టి మట్టం పెరిగి తగ్గుతుంది. పట్టెతల బాతులు, అంటే హిమాలయాల మీదుగా 7,000 మీటర్లకు పైన ఎగురుతాయని ట్యాగులు కట్టి తేల్చిన బార్ హెడెడ్ గూస్‌లు, తెలంగాణ జలాశయాల్లో దిగేది ఇలాంటి విశాలమైన పచ్చిక అంచుల మీదే. నీళ్లలో సేదతీరి, ఒడ్డున గడ్డి మేస్తాయి. వాటికి కావాల్సింది నీళ్లు ఒక్కటే కాదు, నీళ్లు ఖాళీ చేసిన నేల కూడా.

ఆ నేల ఎవరిదన్న దగ్గరే అసలు తిరకాసు. శిఖం భూమిలో ప్రభుత్వానిదీ ఉంది, పట్టా భూమీ ఉంది. పట్టా ఉన్నవాళ్లు నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు గానీ కట్టడాలు కట్టకూడదు. ఆర్నెల్లు నీళ్లలో, ఆర్నెల్లు ఎండలో ఉండే ఇలాంటి నేల ఫిబ్రవరిలో చూడ్డానికి వచ్చిన కొనుగోలుదారుడికి చక్కటి మైదానంలా కనిపిస్తుంది. ‘లేక్ వ్యూ’ అని బ్రోచర్ వేసి అమ్మేవాడికీ అలాగే కనిపిస్తుంది. సుందరీకరణ చేసే ఇంజినీరుకు అది చెత్తగా, గలీజుగా కనిపిస్తుంది. ఒక్క పిట్టకే అది ఇల్లు. 2024లో కబ్జాలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల కబ్జా రోజూ వార్తయింది, అమీన్‌పూర్ పేరూ వినబడింది. కూల్చివేతల గోలలో ఇళ్లు, పట్టాలు, కోర్టులు చర్చకొచ్చాయి. ఎండిన శిఖం కూడా చెరువేనన్న మాట మాత్రం ఎక్కడా గట్టిగా వినిపించలేదు.

ఈ ‘ఖాళీ’ చూపు చెరువులకే పరిమితం కాదు. దసరాకు చూసి దండం పెట్టుకునే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, చిక్కటి అడవిలో ఉండదు. దానికి బయలు కావాలి, తీగ మీదో మోడు మీదో కూర్చుని కింద మిడత కదిలితే చూడగలిగేంత బయలు. బీడు, కంచె, పొలం గట్టు, ఇవే దాని చోటు. అవన్నీ మన రికార్డుల్లో అభివృద్ధికి ఎదురుచూస్తున్న ఖాళీ జాగాలే. 942 జాతుల్ని పరిశీలించిన 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక బాగా తగ్గుతున్న వాటిలో పాలపిట్టను చేర్చింది. గుంపులుగా చూస్తే గద్దల్లాంటి వేటాడే పక్షులతో పాటు వలస వచ్చే ఉల్లంకి జాతులు, బాతులు ఎక్కువ దెబ్బతిన్నాయని అదే నివేదిక చెప్పింది. నెమలి మాత్రం పెరిగింది. జూబ్లీహిల్స్ నడిబొడ్డున కేబీఆర్ పార్కులో నెమలి కూత వినని పొద్దు ఉండదు. నెమలిని చూసి సంతోషించొచ్చు, అంతా బాగుందనుకోకూడదు.

ఇలాంటి నివేదికలకు మూలం ఆదివారం పొద్దున వెళ్లిన వాళ్లు, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టే జాబితాలే. అందులో జాబితా పంపే ముందు ఒక ప్రశ్న వస్తుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా, లేక నచ్చినవే రాశారా? కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోకుండా నొక్కేస్తుంటారు. విశ్లేషణ మొత్తానికి కీలకం అదే. అన్నీ రాశామన్న జాబితాలో స్టింట్ లేకపోతే, స్టింట్ కనిపించలేదన్నది కూడా సమాచారమే. నచ్చినవే రాసిన జాబితాలో లేకపోతే దానికి ఏ అర్థమూ లేదు. రాజహంస ఫొటో వందమంది పెడతారు. కాకి, గోరింక, తీతువు పిట్టలతో సహా ఓపిగ్గా అన్నీ రాసిన సాదా జాబితా విలువ దానికంటే ఎక్కువ.

రాజహంస ఫొటో కోసం బురదలోకి దిగి వెంటపడే వాళ్ల గురించి కూడా ఒక మాట. పిట్ట ఎగిరిన ప్రతిసారీ అది మేత మానుకున్నట్టు, కూడబెట్టుకున్న కొవ్వు కొంత ఖర్చుపెట్టినట్టు. మార్చి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణానికి ఒళ్లు చేసుకునే పాతిక గ్రాముల పిట్టకు ఇది చిన్న నష్టం కాదు. వీధికుక్కలు ఎలాగూ తరుముతాయి, మనుషులు కూడా తోడవ్వక్కర్లేదు. కట్ట మీదే, సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడితే రంగులూ తెలుస్తాయి, పిట్టలూ కదలవు.

జాబితాతో పాటు ఇంకొక్కటి రాసుకుంటే బాగా పనికొస్తుంది: ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి. తూము దగ్గర రాతి మెట్లుంటే ఎన్ని తేలాయి, మత్తడికి ఎంత కింద ఉంది, బురద ఏ వైపు ఉంది. మొబైల్‌లో ప్రతిసారీ ఒకే చోటు నుంచి తీసిన ఫొటో అయినా చాలు. ఎందుకంటే ఈ మట్టం ఎంత ఉండాలన్నది ఇప్పుడు ఎవరి బాధ్యతా కాదు. చెరువు, తూము నీటిపారుదల శాఖవి. ట్రాక్, లైట్లు మున్సిపాలిటీవి. చేపలు మత్స్యకారుల సంఘానివి, వాళ్లకు నీళ్లు తగ్గడం ఇష్టం ఉండదు, థర్మాకోల్ తెప్ప మీద వలేసుకొని బతికే వాళ్లను అందుకు తప్పుపట్టలేం. వారసత్వ హోదా చూసుకోవాల్సింది జీవవైవిధ్య మండలి. జనవరి నుంచి మార్చి దాకా మట్టాన్ని నెలకో అడుగు తగ్గించి చూడమని, చుట్టూ ట్రాక్ వేసినా ఒక్క వైపు ఏటవాలు ఒడ్డును అలాగే వదిలేయమని అడగాలంటే ఈ నాలుగు తలుపులూ తట్టాలి. తట్టేటప్పుడు, మట్టం ఇంత ఉన్న ఏడు ఇన్ని రకాలు దిగాయి, ఇంత పెరిగిన ఏడు ఇవి రాలేదు అని చూపించే కాగితం ఒకటి చేతిలో ఉండాలి.